ఒక్క రాతి ముందు అరగంట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మావారి ఉద్యోగరీత్యా పదేళ్ళుగా చెన్నైలో ఉంటున్నాము. మొన్న సెలవుల్లో పిల్లలను ఎగ్మూరు మ్యూజియానికి తీసుకువెళ్ళాను. రెండు గంటల్లో అన్ని భవనాలూ తిరిగి వచ్చాము గాని, ఇంటికి చేరాక వాళ్ళకు తిమింగలం అస్థిపంజరం తప్ప ఏమీ గుర్తులేదు. నిజం చెప్పాలంటే నా సంగతీ అంతే. శిల్పాలనూ చిత్రాలనూ చూసి ఆనందించాలంటే ప్రత్యేకంగా చదువుకొని ఉండాలా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: తిమింగలాన్ని గుర్తుపెట్టుకున్నందుకు పిల్లలను తప్పు పట్టవద్దు. 1851లో మొదలైన ఆ మ్యూజియాన్ని ఈ ఊరి పాతకాలపు జనం ‘సెత్త కాలేజీ’, అంటే చచ్చిన కాలేజీ అనేవారు. జంతుప్రదర్శనశాలనేమో ‘ఉయిర్ కాలేజీ’, అంటే ప్రాణమున్న కాలేజీ అనేవారు. మీరు చదువు గురించి బెంగపడుతున్నారు గాని, మీ ఉత్తరంలో నాకు కనిపించిన చిక్కు ‘రెండు గంటల్లో అన్ని భవనాలూ’ అన్న మాటలోనే ఉంది. నేను కూడా మొదటిసారి అలాగే పరుగులు పెట్టి, కాళ్ళనొప్పులు వెంట తెచ్చుకున్నాను.

ఈసారి మిగతావన్నీ వదిలిపెట్టి నేరుగా అమరావతి శిల్పాల దగ్గరకు వెళ్ళండి. అవి మీ ప్రాంతంవే. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ మహాస్తూపపు పలకలలో కొన్ని లండన్‌కు తరలిపోగా, చాలా భాగం ఇక్కడ ఉండిపోయింది. వాటిలో నలగిరి ఏనుగు కథను చెక్కిన గుండ్రటి పలకను వెతికి, పక్కన రాసిన వివరం చదవకుండా, ముందు రాతినే చూడండి. ఎడమవైపు నగరద్వారం దాటి వీధిలోకి విరుచుకుపడిన ఏనుగు, దాని కాళ్ళ దగ్గర చిక్కుకున్నవారు, బెదిరిపోయి పక్కవారిని పట్టుకున్నవారు, మేడమీది కిటికీలలో నుంచి తొంగి చూస్తున్న ముఖాలు కనిపిస్తాయి. కుడివైపు బుద్ధుని పాదాల ముందు ఒక ఏనుగు మోకరిల్లి ఉంటుంది.

ఎన్ని ఏనుగులున్నాయని పిల్లలను అడగండి. రెండు అంటారు. దేవదత్తుడు బుద్ధునిపై పగతో, మత్తెక్కించిన నలగిరిని రాజగృహ వీధుల్లోకి వదిలించాడనీ, బుద్ధుని మైత్రి ముందు అది లొంగిపోయిందనీ అప్పుడు చెప్పండి. ఏనుగు ఒక్కటేననీ, ఒకే రాతిమీద శిల్పి దానిని రెండు క్షణాలలో చూపించాడనీ వాళ్ళే కనిపెడతారు. ఇటువైపు అంత తొక్కిసలాట జరుగుతుంటే అటువైపు బుద్ధుడూ భిక్షువులూ ఎంత నిబ్బరంగా నిలబడ్డారో ఆ తరువాత చూపించండి. దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి శిల్పి ఆలోచనను పట్టుకోవడానికి అరగంట చాలు, డిగ్రీ అక్కరలేదు.

బుద్ధుడు మనిషి రూపంలో కనిపించని పలకలు కూడా అక్కడ ఉన్నాయి. ఆయనకు బదులు ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం మాత్రమే ఉంటాయి. వాటి ముందు జనం చేతులు జోడించి ఉంటారు. వాటిని మరో రోజుకు దాచుకోండి.

చోళుల కాలపు కంచు విగ్రహాలకు ఇంకొక పూట కేటాయించండి. గుడిలో పట్టుబట్టలూ పూలదండలూ కప్పి ఉన్నందువల్ల ఉత్సవమూర్తి ముఖం తప్ప మనకు మరేమీ కనిపించదు. ఇక్కడ నడుము ఒంపు, వేళ్ళ ముద్ర, వెనుకవైపు వీపు కూడా చూడవచ్చు; పీఠాన్ని గమనిస్తే ఊరేగింపులో మోతకర్రలు దూర్చడానికి చేసిన రంధ్రాలు కనిపిస్తాయి. మైనంతో చేసిన రూపానికి మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట లోహం పోసి, చివరికి ఆ మట్టి అచ్చును పగలగొడతారు కాబట్టి ఏ విగ్రహానికీ కవల ఉండదు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. మామూలు రోజు ఉదయమైతే రద్దీ తక్కువ.

ప్రశ్న: నాకు డెబ్బై ఏళ్ళు. నెల్లూరులో చిన్నతనంలో తెల్లవార్లూ పద్యనాటకాలు చూసినవాణ్ణి. ఈ మధ్య మా మనవరాలు ఒక ఆధునిక తమిళ నాటకానికి తీసుకువెళ్ళింది. తెర లేదు, పద్యం లేదు, మాటలు సగం అర్థం కాలేదు. ఇటువంటివి ఎలా చూడాలి?
– ఒక పాఠకుడు, కోడంబాక్కం

జవాబు: కథ మొత్తం ముందే తెలిసి కూడా మీరు తెల్లవార్లూ కూర్చున్నారంటే, పద్యం ఎత్తుకునే తీరు కోసం, నటుడు తిరిగి నిలబడే ఠీవి కోసం కూర్చున్నారన్నమాట. ‘వన్స్ మోర్’ అని అరిచిన ప్రతిసారీ మీరు చేసింది విమర్శే. అదే కన్ను ఇక్కడా పనికివస్తుంది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఇంకా కనిపించకముందే తెరమీదుగా జడ వేస్తుంది. ఆమె గర్వమంతా ఒక్క మాట లేకుండానే మనకు తెలిసిపోతుంది. ఆధునిక నాటకంలోనూ ఎవరు ఎవరికి దూరంగా నిలబడ్డారు, ఎవరు వీపు తిప్పారు, మాటల మధ్య మౌనం ఎంతసేపు సాగింది అన్నవి గమనించండి. 1977లో న. ముత్తుస్వామి ప్రారంభించిన కూత్తుప్పట్టరై వంటి నాటక బృందాలు తమిళుల వీధినాటకమైన తెరుక్కూత్తు నుంచి చాలా తీసుకున్నాయి. తెరుక్కూత్తులో కథ నడిపిస్తూ మధ్యలో నవ్వించే కట్టియక్కారన్‌ను చూస్తే, వీధినాటకాలు ఎరిగిన మీకు పాత చుట్టాన్ని చూసినట్టే ఉంటుంది.

భాష మాటకు వస్తే, 1891లో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి బృందం బళ్ళారి నుంచి మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. అవి చూసిన ఉత్సాహంతోనే తమిళుడైన పమ్మల్ సంబంధ ముదలియార్ అదే ఏడు ఇక్కడ సుగుణ విలాస సభను స్థాపించాడు. అప్పటికి ఆయన వయస్సు 18. తమిళ నాటకానికి ఆయన చేసిన సేవ తరువాతి కథ.

ఈసారి వెళ్ళేముందు కథను మనవరాలి చేత చెప్పించుకోండి. వీలైతే అదే నాటకాన్ని రెండోసారి చూడండి. అప్పటికీ నచ్చకపోతే మొహమాటపడకుండా, ఎక్కడ విసుగు పుట్టిందో ఆ ఘట్టం పేరు పెట్టి ఆమెకు చెప్పండి. ఆ అమ్మాయి ఊరుకోదు, వాదిస్తుంది.