ఆదిపాపం ‘ఆనువంశికమా’?

సందేహం: మధ్యయుగ క్రైస్తవ తత్వం మీద ఒక వ్యాసంలో ‘ఆదిపాపం జన్యుపరంగా సంక్రమిస్తుందని థామస్ అక్వినాస్ చెప్పాడు’ అని చదివాను. ‘జన్యుపరంగా’ సరైనదేనా? ‘అనువంశికంగా’, ‘ఆనువంశికంగా’, ‘వంశపారంపర్యంగా’ - వీటిలో ఏది వాడాలి?

సమాధానం: ఆదిపాపమంటే తొలి మనిషి ఆదాము చేసిన పాపపు దోషం పుట్టిన ప్రతి మనిషికీ అంటుతుందన్న క్రైస్తవ భావన. ‘జన్యుపరంగా’ ఇక్కడ బొత్తిగా పనికిరాదు. అక్వినాస్ 1274లో చనిపోయాడు. జీన్ (జన్యువు) అన్న మాట పుట్టిందే 1909లో.

‘అనువంశ’ శబ్దానికి ‘ఇక’ చేరితే మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది, సమాజం సామాజికం అయినట్టు. కాబట్టి వ్యాకరణం ప్రకారం ‘ఆనువంశికం’. బడి పుస్తకాల్లో ‘అనువంశికత’ పాతుకుపోయింది కనుక దాన్ని తప్పని కొట్టెయ్యక్కర్లేదు.

అసలు చిక్కు అర్థంతోనే. కుష్ఠురోగికి కుష్ఠురోగి పుట్టినట్టే తండ్రి దోషం బీజం ద్వారా బిడ్డకు వస్తుందని కొందరు అనేవారు. తన గ్రంథం ‘సుమ్మా థియోలాజికా’లో అక్వినాస్ ఈ వాదం చాలదన్నాడు. పుట్టుగుడ్డిని చూసి జాలిపడతాం గానీ నిందించం కదా! శరీర లోపం అలా రావచ్చు, అపరాధం ఎలా వస్తుంది? అందుకని ఆయన వేరే దారి పట్టాడు: ఆదాము సంతానమంతా కలిసి ఒకే మనిషి లాంటిది. హత్య చేసిన చేతికి దోషం అంటేది అది ఆ మనిషి ఇచ్ఛతో కదిలింది కాబట్టే; ఆదాము ఇచ్ఛ వల్ల మనకు ఆదిపాపం అంటేదీ అలాగే. ఇంత కష్టపడి ఆయన విడదీసిన శరీర లోపాన్నీ అపరాధాన్నీ ‘ఆనువంశికంగా’ అనే ఒక్క మాట మళ్లీ కలిపేస్తుంది.

‘వంశపారంపర్యంగా’ అంటే తాతముత్తాతల పాపాలన్నీ వస్తాయన్న అర్థం తోస్తుంది. అక్వినాస్ ఒప్పుకున్నది ఆదాము తొలి పాపం ఒక్కదాన్నే. వ్యాకరణవేత్త చదివి సంపాదించిన వ్యాకరణం కొడుక్కి రాదని ఆయనే ఉదాహరణ ఇచ్చాడు (మా ఇంట్లోనూ రాలేదు). ఒంటి చురుకు, బుద్ధి పదును లాంటివి మాత్రం రావచ్చన్నాడు. వాటికైతే ‘ఆనువంశికం’ చక్కగా నప్పుతుంది.

ఇంకో సంగతి. హవ్వ ఒక్కతే పాపం చేసి ఉంటే అది పిల్లలకు వచ్చేది కాదట. సంతానోత్పత్తిలో క్రియాశక్తి తండ్రిదే, తల్లిది పదార్థం మాత్రమే అన్న అరిస్టాటిల్ జీవశాస్త్రం దీనికి ఆధారం. మన వాడుకలో వంశమంటే తండ్రి వైపుదే కాబట్టి, ఆ మాట ఈ ఒక్కచోట మాత్రం భలే అతుకుతుంది!

నేనైతే ఆ వాక్యాన్ని ‘ఆదిపాపం మానవ స్వభావంతో పాటు పుట్టుకతోనే సంక్రమిస్తుందని’ అని రాస్తాను. ‘సంక్రమించు’ను మార్చక్కర్లేదు. ఆస్తికీ జబ్బుకీ కూడా వాడే క్రియ అది.