లెంట్‌లో ఒక్క వాక్యంతో ప్రార్థన: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అక్కా వందనాలు. మాది లూథరన్ సంఘం. లెంట్‌కి, అంటే ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలానికి, మా చర్చిలో రోజుకి మూడు అధ్యాయాలు చదవమని చార్ట్ ఇచ్చారు, టిక్కులు పెడుతూ చదువుతున్నా గానీ బైబిల్ మూసేశాక ఏం చదివావంటే చెప్పలేను. మా ఆఫీసులో ఒక ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) అమ్మాయి, తపస్సుకాలంలో (లెంట్‌ని వాళ్ళు అలా అంటారు) వాళ్ళు ఒక్క వాక్యం తీసుకుని దాంతోనే ప్రార్థన చేస్తారని చెప్పింది. ఎలా చేస్తారు? మనం చేయొచ్చా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: వందనాలు చెల్లెమ్మా. ముందు ఒక మాట, చార్ట్ మానేయకు. లెంట్‌లో వరసగా చదవడం చాలా పాత అలవాటు, ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠానికి రాసిన నియమావళిలోనే లెంట్ మొదలవగానే ఒక్కో సన్యాసికి ఒక్కో పుస్తకం ఇవ్వాలి, మొదటి నుంచి చివరి దాకా చదవాలి అని ఉంది. కాబట్టి మీ అయ్యగారు ఇచ్చిన పని మంచిదే. కాకపోతే చదవడం దగ్గరే ఆగిపోతున్నావు, అంతే.

ఆ అమ్మాయి చెప్పిన పద్ధతిని పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల్లో ఉండే రెండో గీగో అనే సన్యాసి నాలుగు మెట్లుగా రాసి పెట్టాడు. చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆ తర్వాత దేవుని దగ్గర ఊరికే ఉండిపోవడం. చదవడమంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానమంటే నమలడం, ప్రార్థనలో రుచి తెలుస్తుంది, చివరిది ఆ తీపే అంటాడాయన. నువ్వు ముద్ద మీద ముద్ద పెట్టుకుంటున్నావు, నమిలే టైమే ఉండట్లేదు.

మనం చేయొచ్చా అన్నావు. నువ్వు లూథరన్‌వి కదా, 1535లో మీ సంఘానికి పేరు తెచ్చిన మార్టిన్ లూథర్‌ని ఆయన మంగలి పీటర్ ప్రార్థన ఎలా చేయాలని అడిగితే, ఆయన కోసం ఒక చిన్న పుస్తకమే రాశాడు లూథర్. అందులో పది ఆజ్ఞల్లో ఒక్క ఆజ్ఞ తీసుకుని, ఇది నాకేం నేర్పిస్తుంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏం ఒప్పుకోవాలి, ఏం అడగాలి అని నాలుగు రకాలుగా దాంతో ప్రార్థన చేయమన్నాడు. మధ్యలో పరిశుద్ధాత్మ నీ మనసులో మాట్లాడటం మొదలుపెడితే మిగతాదంతా వదిలేసి మౌనంగా విను అని కూడా అన్నాడు. కాబట్టి ఇది వాళ్ళది, ఇది మనది అనే బెంగ అక్కర్లేదు.

ఇప్పుడు ఎలా చేయాలో చూద్దాం. యోహాను 4వ అధ్యాయం మొదటి 15 వచనాలు తీసుకో, సమరయ స్త్రీ ఘట్టం. ఒకసారి పైకి చదువు, నెమ్మదిగా. మళ్ళీ చదువు. రెండోసారి ఎక్కడో ఒక చోట మనసు ఆగుతుంది, అక్కడే ఆగిపో, ముందుకెళ్ళకు. "నాకు దాహమునకిమ్ము" దగ్గర ఆగావనుకో. ఆ మాటనే మెల్లగా పెదాల మీద తిప్పుతూ ఉండు. ఎవరంటున్నారు ఈ మాట? ప్రయాణంలో అలసిపోయి, ఇంచుమించు పన్నెండు గంటలప్పుడు బావి దగ్గర కూర్చున్న యేసు ప్రభువు. లెంట్ అంటే మనకి ఎండలు ముదిరే రోజులే కదా, మధ్యాహ్నం దాహం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఎవరిని అడుగుతున్నాడు? "యూదులు సమరయులతో సాంగత్యము చేయరు" అని తొమ్మిదో వచనంలోనే ఉంది, అలాంటి చోట ఆయన ఆమె కుండలో నీళ్ళు అడిగాడు. ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగుతారు అనేది మన ఊళ్ళల్లో ఎంత పెద్ద విషయమో మనకి తెలుసు, ఊరి బావి దగ్గర తోడుకోనివ్వక దూరంగా నిలబడి ఎవరైనా పోస్తారేమోనని ఎదురుచూసిన తాతల, అమ్మమ్మల మనవలు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. నా మటుకు నాకు ఈ వాక్యాన్ని ఆ బావి గుర్తు రాకుండా చదవడం కుదరదు, దేవుడు ఆ పక్కకి వచ్చి కూర్చుని నీళ్ళు అడిగాడు అనుకుంటే గొంతు పట్టేస్తుంది.

ఇలా తలపోస్తుంటే నీకు తెలీకుండానే "ప్రభువా, నా దగ్గర నీకివ్వడానికి ఏముంది" అని ఒక మాట వచ్చేస్తుంది. అదే ప్రార్థన. దానికి పెద్ద భాష అక్కర్లేదు, చర్చిలో చేసినట్టు చేయక్కర్లేదు. ఏడుపొస్తే ఏడువు, ఎవరి మీదైనా కోపం ఉంటే చెప్పెయ్. ఆ తర్వాత ఒక ఐదు నిమిషాలు ఏమీ అడక్కుండా కూర్చో. మొత్తం 20 నిమిషాలు చాలు. వాక్యానికి వివరణలు, యూట్యూబ్ ప్రసంగాలు ఆ టైమ్‌లో వద్దు, అవి తర్వాత చూసుకోవచ్చు. అదే వాక్యాన్ని వారమంతా ఉంచుకున్నా తప్పులేదు. గుడ్ ఫ్రైడే రోజు, యేసు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో ఐదో మాట, "దప్పిగొనుచున్నాను" అన్నది విన్నప్పుడు ఈ బావి దగ్గర మాట నీకు మళ్ళీ వినిపిస్తుంది చూడు.

ప్రశ్న: ప్రైజ్ ద లార్డ్ అక్కా. నేను కువైట్‌లో పని చేస్తున్నా, రూమ్‌లో ఆరుగురం, డ్యూటీ 12 గంటలు. ఏకాంతం అనేదే లేదు, బాత్రూమ్‌కి కూడా లైనే. ధ్యానం చేద్దామని కళ్ళు మూసుకుంటే ఇంటి అప్పు, అమ్మ ఆరోగ్యం ఇవే వస్తాయి. నాలాంటోళ్ళకి దారి ఏంటి?
– ఒక సోదరుడు, మాది పశ్చిమ గోదావరి

జవాబు: తమ్ముడూ, నీకు కూర్చుని చేసే పద్ధతి కంటే ఇంకా పాతది ఒకటి చెప్తాను. ఐగుప్తు ఎడారి సన్యాసుల దగ్గర నేర్చుకున్న జాన్ కాసియన్ అనే ఆయన ఐదో శతాబ్దంలో రాశాడు, 70వ కీర్తన మొదటి వచనాన్ని పనిలో, నడకలో, పడుకునేటప్పుడు, లేచినప్పుడు మనసులో తిప్పుతూనే ఉండమని. "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము, యెహోవా, నా సహాయమునకు త్వరగా రమ్ము." అంతే. భయంలోనూ సరిపోతుంది, కోపంలోనూ సరిపోతుంది, డ్యూటీ బస్సులోనూ సరిపోతుంది. పొద్దున డ్యూటీకి వెళ్ళేటప్పుడు మొదలుపెట్టు, మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు మళ్ళీ అందుకో.

అప్పు గుర్తొస్తే దాన్ని తరిమేయాలని చూడకు, ఆ అప్పు పేరు చెప్పి అదే వాక్యం అను, అమ్మ గుర్తొస్తే అమ్మ పేరు చెప్పి అను. మనసు పక్కకి పోయిందని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు, నీ మనసు పోయిన చోటే నీ ప్రార్థన అవసరం ఉంది. ఇంకొకటి, 12 గంటలు పనిచేసేవాడివి, ఉపవాసం పేరుతో ఎండలో మంచినీళ్ళు మాత్రం మానకు.

ప్రశ్న: అక్కా, మా నాయనమ్మకి చదువు రాదు, చూపు కూడా తగ్గింది. లెంట్ అంటే ఆమెకి ప్రాణం. ఆమెతో ఈ ధ్యానం ఎలా చేయించాలి?
– ఒక తమ్ముడు, ఒంగోలు

జవాబు: బాబూ, పాత రోజుల్లో చాలామంది భక్తులు వాక్యాన్ని చెవులతోనే అందుకున్నారు, చేత్తో రాసిన పుస్తకాలు ఎంతమంది ఇళ్ళల్లో ఉంటాయి? రాత్రి అన్నాలయ్యాక 51వ కీర్తన పదో వచనం, "దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" అన్నది ఆమె పక్కన కూర్చుని నెమ్మదిగా రెండు మూడుసార్లు చదువు, ఫోన్‌లో ఆడియో పెట్టి వెళ్ళిపోకు, నీ గొంతుతో చదువు. తర్వాత నువ్వేమీ వివరించకు. నీకేమనిపించింది నాయనమ్మా అని అడిగి, ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా విను.