నాలుగు సైట్లలో ఉంటే నిజమైపోతుందా?

డిగ్రీ ప్రాజెక్టుకు వెతుకుతుంటే ఒక్కో సైట్లో ఒక్కోలా ఉంటోంది, దేన్ని నమ్మాలి అని అడిగారు. నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. సైటు ఎవరిదో తర్వాత చూద్దురు గానీ, ముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో పట్టుకోండి.

ఆమధ్య మా స్టూడెంట్ ఒకమ్మాయి రుద్రమదేవి మీద ప్రాజెక్టు తెచ్చింది. రాణి 1295 దాకా పాలించిందని రాసింది. ఎక్కడిదమ్మా అంటే, "నాలుగు సైట్లలో అదే ఉంది సార్" అంది. నాలుగూ తెరిపించాను. అన్నింట్లో ఒకటే పేరా. చివరి వాక్యం క్రియ లేకుండా సగంలో ఆగిపోయింది, నాలుగింట్లోనూ సరిగ్గా అదే మాట దగ్గర! ఒకరు రాశారు, మిగతావాళ్లు మక్కీకి మక్కీ దించారు. వీళ్లను నలుగురు సాక్షులుగా ఎలా లెక్కపెడతాం?

నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక శాసనం ఉంది. తేదీ 1289 నవంబరు 27. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి భూమి దానం చేశాడని అందులో ఉంది. ఇది వెలుగులోకి రాకముందు రాసిన పుస్తకాల్లో 1295 ఉంటుంది. ఆ రచయితలను తప్పు పట్టలేం, అప్పటికి దొరికిన ఆధారాలు అంతే. ఇప్పటికీ అదే అచ్చేసి గ్రూప్స్ పిల్లలకు అమ్మేవాళ్లను మాత్రం క్షమించలేను. అందుకే పుస్తకం ఏ ఏడాదిదో తప్పకుండా చూడండి.

ఆ కాలంవాడే రాశాడు కదా అని కూడా నమ్మేయొద్దు. మార్కో పోలో ఆ రోజుల్లోవాడే. అయినా రాణిని చనిపోయిన రాజు భార్య అని రాశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. దూరదేశపు బాటసారి విన్న కబురుకూ, దానం చేసినవాడు రాతి మీద చెక్కించిన తేదీకీ బరువు ఒకటి కాదు.

ఇక కనీసం ఇరవై రిఫరెన్సులు ఉండాలనే రూలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లలు ఏం చేస్తారు? చదవని పుస్తకాల పేర్లు ఎక్కిస్తారు. చాట్‌జీపీటీని అడిగితే అసలు లేని పుస్తకానికి కూడా పేజీ నంబరుతో సహా ఇచ్చేస్తుంది. నిజంగా చదివినవి మూడున్నా నేను మార్కులు వేస్తాను.

శోధగంగ అనే వెబ్‌సైట్లో మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. మీ టాపిక్‌కు దగ్గరగా ఉన్నది ఒకటి డౌన్‌లోడ్ చేసుకోండి. ఫుట్‌నోట్లలో ఏ పుస్తకం, ఏ శాసనం పదే పదే వస్తోందో రాసుకుని, ఆ చీటీతో లైబ్రరీకి వెళ్లండి.