గల్లాపెట్టె తాళం

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. మావారికి 36 ఏళ్లు. మామగారి ఎరువుల కొట్లో కూర్చుంటారు. ఐదు నెలలుగా రాత్రిళ్లు ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆట ఆడుతున్నారు. మొదట్లో పదకొండున్నరకు కూర్చునేవారు, దీపావళి వెళ్లాక అది పన్నెండున్నర అయింది. లేచేసరికి మూడు దాటుతోంది. హెడ్‌సెట్ పెట్టుకుని ఇంగ్లీషులో ఎవరెవరికో ఆర్డర్లు వేస్తుంటారు. అందులో ఒక ఆడగొంతు కూడా వినిపిస్తుంది. ఆవిడ ఏమన్నా నవ్వుతారు. పొద్దున్నే లేవలేక పాపకి రెండుసార్లు స్కూలు బస్సు తప్పించారు. పెళ్లయిన కొత్తలో కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి దేవుడి ప్రభను భుజాన మోసిన మనిషి, మొన్న కనుమకి మధ్యాహ్నం దాకా పడుకున్నారు. మామగారు అందరి ముందూ తిడతారు. రైతుకు రెండు బస్తాలు అరువివ్వాలన్నా ఆయన్నే అడగాలి, గల్లాపెట్టె తాళం కూడా ఆయన మొలతాడుకే ఉంటుంది. మొన్న ఆట మధ్యలో రౌటర్ పీకి బీరువాలో పెట్టేశాను. మూడు రోజులుగా మాటల్లేవు. నాది తప్పా?

జవాబు: తప్పేనమ్మా. కాకపోతే మిమ్మల్ని కోప్పడే అర్హత నాకు లేదు. మా అబ్బాయి ఇంటర్‌లో ఉండగా నేనూ ఇలాగే వైరు పీకాను. వాడు దసరా దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను పీకింది వైరొక్కటే అనుకున్నాను అప్పట్లో.

ఆ ఆట సంగతి కొంచెం చెబుతాను. 2004లో వచ్చింది. 2010 నాటికి నెలనెలా చందా కట్టి ఆడేవాళ్లు కోటీ ఇరవై లక్షల మంది. అదొక పెద్ద ఊహాలోకం. మనం కంప్యూటర్ కట్టేసి పడుకున్నా అక్కడ ఎవరో ఒకరు తిరుగుతూనే ఉంటారు. పెద్ద రాక్షసుణ్ణి పడగొట్టాలంటే ఒక్కడి వల్ల కాదు. మొదట్లో అలాంటి దాడికి నలభై మంది దాకా వెళ్లేవారు, ఇప్పుడు తక్కువ మందితోనూ ఆడొచ్చు. ఒకరు ముందు నిలబడి దెబ్బలు కాస్తారు, కొందరు కొడతారు, ఇంకొందరు దెబ్బతిన్నవాళ్లకు వైద్యం చేస్తారు. కీలకమైన చోట ఒకడు ఏమరుపాటుగా ఉంటే అందరూ పోయి మళ్లీ మొదటికి రావాలి.

మీకిది తెలియంది కాదు. ప్రభను కౌశిక కాలవ దాటించేటప్పుడు గట్టు మీద నిలబడి చూసే ఉంటారు. పీకల్లోతు నీళ్లలో దిగి ‘అశ్శరభ శరభ’ అంటూ అంత బరువూ భుజాల మీద ఒరగకుండా తీసుకెళతారు. కాలవ మధ్యలో ఒకడు ‘మా ఇంటావిడ పిలుస్తోంది’ అని భుజం తీసేస్తే? మీరు రౌటర్ పీకిన రాత్రి అవతలివాళ్లకు మీవారు అలా కనిపించారు. మళ్లీ వాళ్లకు మొహం ఎలా చూపించాలా అని ఆయన బాధ.

పన్నెండున్నర సంగతి. వ్యసనం ముదిరి గంట జరిగిందని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. యూరప్‌లో అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అక్కడ చాలా దేశాల్లో చలికాలం రాత్రి ఎనిమిదంటే మనకి సరిగ్గా పన్నెండున్నర. మీవారి జట్టు ఆ దేశాలదై ఉంటుంది, వాళ్లు భోజనాలు చేసి కూర్చునే వేళకు ఈయన నిద్ర మానుకుంటున్నారు. అంటే గొడవలో సగం ఆటది కాదు, టైముది. మన సాయంత్రాలకు కుదిరే జట్టు వెతుక్కోమనండి. లేదంటే వారానికి రెండు రాత్రులే, అవీ మర్నాడు పాపకి బడి లేని రోజులు చూసుకుని.

ఆర్డర్లు వేస్తున్నారని రాశారు. అంటే ఆ జట్టును నడిపించేది ఆయనే అయ్యుండాలి. ఎవరు ముందుండాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్నీ ఆయన చెబితే దేశంకాని దేశం వాళ్లు సరే అని చేస్తున్నారు. తెల్లారి కొట్టుకు వెళితే రెండు బస్తాల అరువుకు నాన్న మొహం చూడాలి. ముప్ఫై ఆరేళ్ల మగాడికి ఈ రెండిట్లో ఏది తియ్యగా ఉంటుందో మీరే చెప్పండి.

అలాగని ఆటను నెత్తికెత్తుకోవడం లేదు నేను. చందా మీద బతికే ఆట ఎప్పటికీ అయిపోదు, అయిపోనివ్వరు. కోరుకున్న కత్తి ఈ వారం దొరక్కపోతే వచ్చే వారం మళ్లీ రావాలి. అయితే ఇది మన రాష్ట్రంలో 2020లో నిషేధించిన ఆన్‌లైన్ రమ్మీలాంటి డబ్బుల పందెం కాదు. నెలకెంత కడుతున్నారో అడిగి తెలుసుకోండి, చాలు.

ఆడగొంతు గురించి. దొంగతనంగా ఫోన్ వెతక్కండి. ఒక రాత్రి కాఫీ కలిపి తీసుకెళ్లి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చోండి. ‘ఇందులో మీ పనేంటి?’ అని అడగండి. హెడ్‌సెట్ తీసి స్పీకర్లో పెట్టమనండి. పెట్టారంటే మీ అనుమానం పావుగంటలో తేలిపోతుంది. ససేమిరా అన్నారంటే మాత్రం అది ఆటకు సంబంధించిన సమస్య కాదు, మళ్లీ నాకు రాయండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ను జబ్బుగానే గుర్తించింది. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, మిగతా పనులన్నీ ఆట తర్వాతే అనుకోవడం, నష్టం కనిపిస్తున్నా మానకపోవడం, ఇవన్నీ సాధారణంగా ఏడాదిపాటు ఉంటేనే ఆ పేరు పెడతారు. కొట్టుకు రోజూ వెళ్లే మనిషికి ఇప్పుడే ఆ ముద్ర వెయ్యను. వెళ్లడం మానేసినా, తిండి తగ్గినా, ‘బతికి ఏం లాభం’ లాంటి మాట నోట వచ్చినా ఆలస్యం చెయ్యకుండా టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక తాళం. మామగారితో మీరు మాట్లాడొద్దు. కోడలు గల్లాపెట్టెకు ఎసరు పెట్టిందంటారు. అత్తగారికి మంచి మూడ్ ఉన్నప్పుడు అనండి: ఈ దాళ్వా పంటకి ఒక్క ఊరి అరువు ఖాతా పూర్తిగా మీవారికి అప్పగించి చూడమని. బాకీ రాబట్టే బాధ్యత కూడా ఆయనదే. ఒకటి రెండు బాకీలు మునిగినా మునగనివ్వాలి. ఇరవై మందిని అదుపులో పెట్టే మనిషికి పాతిక మంది రైతుల ఖాతా చూడటం రాదని నేననుకోను.

రౌటర్‌ని ఈ రాత్రికే తీసి ఎక్కడిదక్కడ పెట్టేయండి. సారీ చెప్పడానికి మనసొప్పకపోతే మానేయండి. ఆదివారం పొద్దున్న పాపని కొట్టుకు తీసుకెళ్లమని మాత్రం ఆయనకు చెప్పండి.