కొలంబస్ నుంచి పారిస్ టికెట్ మరీ ఎక్కువగా ఉంటే ఏం చేయొచ్చు

మీరు అడిగింది ఇదీ: కొలంబస్‌లో ఉంటాం, ఇద్దరు పిల్లలతో నలుగురం, వేసవిలో పారిస్, రోమ్ చూడాలని ఉంది, జూన్ మధ్యలో శనివారం బయలుదేరి రెండు వారాలకి మళ్లీ శనివారం వచ్చేలా చూస్తే ధర చూసి ట్రిప్పే మానేద్దామనిపిస్తోంది, తేదీలు కాస్త అటూ ఇటూ జరపగలం అని. నేనూ ఒహాయోలోనే ఉంటానండి, పిల్లలతో ఈ దారిలో తిరుగుతూనే ఉన్నాను, నాకు నిజంగా పనికొచ్చినవే రాస్తాను.

ముందు పారిస్ అని కొట్టి వెతకడం ఆపండి. ఖర్చంతా అట్లాంటిక్ దాటడంలోనే ఉంది. ఒకసారి యూరప్‌లో దిగాక అక్కడి నుంచి ఇంకో ఊరికి రైలో చిన్న విమానమో దొరుకుతుంది, ముందే కొంటే నలుగురికీ కలిపినా అదేం పెద్ద ఖర్చు కాదు. కాబట్టి చూడాల్సింది పారిస్‌కి ఎంత అని కాదు, మనం వెళ్లే నెలలో సముద్రం ఎక్కడి నుంచి ఎక్కడికి తక్కువలో దాటొచ్చు అని. గూగుల్ ఫ్లైట్స్‌లో ఎక్స్‌ప్లోర్‌కి వెళ్లి గమ్యం దగ్గర యూరప్ అని పెట్టి, తేదీలు కాకుండా నెల మాత్రం ఇవ్వండి. మ్యాప్ మీద ఊరూరికీ ధర కనిపిస్తుంది. డబ్లిన్, లిస్బన్, బార్సిలోనా, మిలాన్‌లకి ఒక ధర, పారిస్‌కి ఇంకో ధర ఉంటుంది, మేము వెళ్లినప్పుడు తలకి మూడొందల డాలర్లకి పైనే తేడా కనిపించింది. నలుగురంటే ఆ తేడాతోనే హోటల్ ఖర్చు సగం వెళ్లిపోతుంది.

బయలుదేరే ఊరు కూడా అంతే. కొలంబస్ నుంచి యూరప్‌కి డైరెక్ట్ ఫ్లైట్ లేదు, ఎలాగూ ఎక్కడో ఒకచోట మారాల్సిందే. అలాంటప్పుడు రెండు గంటలు కారులో వెళ్లడానికి ఎందుకు వెనకాడాలి? క్లీవ్‌లాండ్ నుంచి డబ్లిన్‌కి ఏర్ లింగస్, సిన్సినాటి నుంచి పారిస్‌కి డెల్టా, ఇంకాస్త దూరం పోతే పిట్స్‌బర్గ్ నుంచి లండన్‌కి బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా నడుపుతున్నాయి. ఇలాంటి ఊళ్ల నుంచి ఫ్లైట్లు అన్ని రోజులూ ఉండవు, తేదీ జరపగలిగిన వాళ్లకే ఇవి అందుతాయి. గూగుల్ ఫ్లైట్స్‌లో బయలుదేరే చోట కామా పెట్టి ఏడు ఎయిర్‌పోర్టుల దాకా ఒకేసారి ఇవ్వొచ్చు, డెట్రాయిట్, షికాగో కూడా కలిపి చూడండి. పార్కింగ్ డబ్బులు లెక్కలో వేసుకోవడం మర్చిపోకండి. డబ్లిన్ దారిలో నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది, తిరుగు ప్రయాణంలో అమెరికా ఇమిగ్రేషన్ డబ్లిన్‌లోనే అయిపోతుంది, ఇక్కడ దిగగానే డొమెస్టిక్ ప్రయాణికుల్లా బయటికి వచ్చేయడమే. నిద్రలేని పిల్లలతో ఇక్కడ ఇంకో క్యూలో నిలబడక్కర్లేదు.

న్యూయార్క్ దాకా వెళ్లగలిగితే చాలామంది వెతకని రూట్లు కొన్ని ఉన్నాయి. జేఎఫ్‌కే నుంచి మిలాన్‌కి ఎమిరేట్స్, ఫ్రాంక్‌ఫర్ట్‌కి సింగపూర్ ఎయిర్‌లైన్స్, నెవార్క్ నుంచి ఏథెన్స్‌కి మళ్లీ ఎమిరేట్స్. వాటి విమానాలు దుబాయ్‌కో సింగపూర్‌కో పోతూ మధ్యలో ఆగే ఊళ్లివి, అంతవరకే టికెట్ కొనొచ్చు. మీది పారిస్, రోమ్ కాబట్టి మిలాన్‌లో దిగండి, అక్కడి నుంచి రోమ్‌కి ఫాస్ట్ రైలులో సుమారు మూడు గంటలు, తర్వాత పారిస్ వెళ్లి అక్కడి నుంచే వెనక్కి రండి. ఒక ఊళ్లో దిగి ఇంకో ఊరి నుంచి వచ్చే టికెట్‌ని మల్టీ సిటీలో పెట్టి వెతకాలి, రెండు వేర్వేరు వన్‌వేలుగా కాదు, ఎందుకంటే పెద్ద ఎయిర్‌లైన్స్‌లో వన్‌వే ఒక్కోసారి రానూపోనూ టికెట్ కంటే ఎక్కువ చూపిస్తుంది. ఇలా చేస్తే యూరప్‌లో మొదట దిగిన ఊరికే మళ్లీ రావడానికి అయ్యే రోజు, ఖర్చు రెండూ మిగులుతాయి.

ఐస్‌లాండ్ చూడాలని ఉంటే ఐస్‌లాండ్‌ఎయిర్ వాళ్లు యూరప్ వెళ్లే దారిలో విమాన ఛార్జీ పెంచకుండా అక్కడ ఏడు రాత్రుల దాకా ఆగనిస్తారు, టాప్ ఎయిర్ పోర్చుగల్ వాళ్లు లిస్బన్‌లో గానీ పోర్టోలో గానీ పది రోజుల దాకా. హోటల్ ఖర్చు మాత్రం మనదే.

లండన్ నుంచి తిరుగు ప్రయాణం పెట్టుకునే ముందు మాత్రం ఒకసారి ఆలోచించండి. అక్కడ మొదలయ్యే దూరపు ఫ్లైట్లకి ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ అని పన్ను ఉంది, అమెరికా వైపు ఎకానమీలో 2025 ఏప్రిల్ నుంచి 90 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 102 పౌండ్లు. లండన్‌లో దిగడానికి అది లేదు. ఎకానమీలో 16 ఏళ్ల లోపు పిల్లలకి లేదు. ఒకే టికెట్ మీద 24 గంటల లోపు ఫ్లైట్ మారితే సాధారణంగా పడదు. అంటే లండన్‌లో దిగి ఇంకో దేశం నుంచి రావడం మేలు.

ఇక తేదీలు. ఏ వారం టికెట్ కొంటే చవక, ఏ రాత్రి కొంటే చవక అనే మాటలు నేను పట్టించుకోను, ఏ రోజు ఎగురుతున్నాం అన్నదే పెద్ద తేడా తెస్తుంది. గూగుల్ ఫ్లైట్స్‌లో డేట్ గ్రిడ్ తెరిస్తే వెళ్లే రోజులు ఒకవైపు, వచ్చే రోజులు ఇంకోవైపు పట్టికలా వస్తాయి, శనివారాన్ని మంగళ బుధవారాలకి జరిపితే ఏమవుతుందో కళ్లెదుటే కనిపిస్తుంది. స్కూళ్లు మే చివర్లో మూసేస్తారు కాబట్టి మూసిన వెంటనే బయలుదేరడం జూన్ మధ్య కంటే మంచిది. పిల్లలతో నవంబర్‌లో వెళ్లగలిగితే థాంక్స్‌గివింగ్ వారం చూడండి, అప్పుడు ఇక్కడి జనం దేశం లోపలే తిరుగుతారు, యూరప్ వైపు సీట్లు తరచూ తక్కువకే దొరుకుతాయి.

ధర కంటే ముందు చూడాల్సింది వీసా, ఇది మన ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ల కోసం గట్టిగా చెబుతున్నాను. మాంట్రియల్, టొరంటో మీదుగా పోయే టికెట్లు తక్కువకి కనిపిస్తాయి, హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకి అక్కడ ఫ్లైట్ మారడానికి కూడా కెనడా వీసా కావాలి. డబ్లిన్‌లో విమానాశ్రయం దాటి బయటికి రావాలంటే పారిస్, రోమ్‌లకి తీసుకునే షెంగెన్ వీసా పనికిరాదు, ఐర్లండ్ వీసా వేరే. షెంగెన్‌కి ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, కాబట్టి రూట్ మారిస్తే కాన్సులేట్ కూడా మారొచ్చు. పాస్‌పోర్ట్‌లో హెచ్‌1బి వీసా స్టాంప్ గడువు దాటిపోయి ఉంటే యూరప్ నుంచి తిరిగి రావడానికి కొత్త స్టాంపింగ్ తప్పదు, కెనడా, మెక్సికోలకి చిన్న ట్రిప్పుకి ఉన్న వెసులుబాటు యూరప్‌కి లేదు.

అలాగే రెండు వేర్వేరు టికెట్లు కలిపి కొంటే మొదటి ఫ్లైట్ ఆలస్యమైనప్పుడు రెండో ఎయిర్‌లైన్‌కి ఏ బాధ్యతా ఉండదు, బ్యాగులు బయటికి తీసుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాలి, దానికి ఆ దేశపు వీసా కావాలి. మా స్నేహితులు ఒకరు ఇలాగే ఒక రాత్రంతా ఎయిర్‌పోర్ట్‌లో పిల్లలతో కూర్చుని కొత్త టికెట్లు కొన్నారు. అలా కొనక తప్పకపోతే మధ్యలో ఒక రాత్రి ఖాళీ ఉంచండి, ఆ హోటల్ ఖర్చు కూడా కలుపుకున్నాక ఇంకా చవకే అనిపిస్తేనే తీసుకోండి.

బేసిక్ ఎకానమీ, అంటే అన్నిటికంటే తక్కువ రకం టికెట్, దాని ధర చూసి సంతోషించకండి, అట్లాంటిక్ మీద మొదటి చెక్ ఇన్ బ్యాగ్‌కే సుమారు 75 డాలర్లు వేస్తారు, పిల్లల పక్కన సీటు కావాలంటే కొన్ని ఎయిర్‌లైన్స్‌లో ఇంకొంత. నేనైతే దాని పైన ఉండే మామూలు ఎకానమీ, అంటే మెయిన్ క్యాబిన్ తీసుకుంటాను. యునైటెడ్, డెల్టా, అమెరికన్‌లలో అమెరికా నుంచి మొదలయ్యే అలాంటి టికెట్లకి 2020 నుంచి ఛేంజ్ ఫీజు లేదు, కొన్నాక ధర పడితే మళ్లీ బుక్ చేసి తేడాని క్రెడిట్‌గా తీసుకోవచ్చు. టికెట్ ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోనే కొనండి. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు కొంటే 24 గంటల లోపు పూర్తి డబ్బుతో రద్దు చేసుకునే హక్కో, డబ్బు కట్టకుండా ఆ ధరని 24 గంటలు ఆపుకునే వీలో అమెరికాలో ఎయిర్‌లైన్ ఇచ్చి తీరాలి. బయటి ఏజెన్సీ సైట్లకి ఆ రూల్ వర్తించదు. మంచి ధర కనిపించగానే కొనేసి, ఆ రోజంతా ఇంట్లో సెలవులూ స్కూలూ మాట్లాడుకుని అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

మీ దగ్గర ఏ పాస్‌పోర్టులు ఉన్నాయో, పిల్లలవి అమెరికావో కాదో, స్టాంప్ ఎప్పటిదాకా ఉందో రాయండి, దాన్ని బట్టి ఏ రూట్ కుదురుతుందో చూసి చెబుతాను.