లోమూ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. న్యూజిలాండ్ రగ్బీ ఆటగాడు జోనా లోమూ అంటే నీకెంత ఇష్టమో ప్రతి పేరాలో తెలుస్తోంది. కానీ వ్యాసం కేప్‌టౌన్ దాటలేదు. 1995 జూన్ 18, న్యూలాండ్స్ మైదానం, ప్రపంచకప్ సెమీఫైనల్, ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు. అక్కడే ఆగిపోయావు.

ఆ భాగంలో కూడా ఏనుగు, కొండ, సుడిగాలి అనే పోలికలన్నీ ఒకేసారి వచ్చాయి. తీసెయ్. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, దాదాపు 120 కిలోల బరువు. అలాంటివాడు వింగ్‌లో, అంటే జట్టులో బాగా పరుగెత్తేవాళ్లు ఉండే చోట ఆడాడు. ఇది చాలు. మన పాఠకులకు రగ్బీ కొత్త. బంతిని చేత్తో ముందుకు విసరకూడదనీ, గీత దాటి నేలకు ఆనిస్తేనే ట్రై అనీ ముందే చెప్పు. అప్పుడు, ఒంటరిగా అడ్డు నిలబడ్డ ఇంగ్లండ్ ఆటగాడు మైక్ క్యాట్ మీదుగా లోమూ తొక్కుకుంటూ వెళ్లిపోయిన క్షణం దానంతట అదే అర్థమవుతుంది. కబడ్డీలో పట్టు జారడం చూసినవాళ్లే కదా మనవాళ్లంతా.

ఆరు రోజుల తర్వాత జరిగిన ఫైనల్‌ని ఎందుకు వదిలేశావు? అదనపు సమయంలో దక్షిణాఫ్రికా 15-12తో గెలిచింది. లోమూకి ఒక్క ట్రై కూడా రాలేదు. ఆ దేశం మీద ఆడిన ఏ అంతర్జాతీయ మ్యాచ్‌లోనూ రాలేదు. ఇష్టమైన మనిషి ఓటమిని దాచిపెడితే పాఠకుడు నిన్ను నమ్మడు.

ఇంకా పెద్ద లోటు ఒకటుంది. అదే ఏడాది చివర్లో అతనికి కిడ్నీ జబ్బు, నెఫ్రోటిక్ సిండ్రోమ్, ఉందని తేలింది. అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ జబ్బుతోనే 1999 ప్రపంచకప్‌లో 8 ట్రైలు చేశాడు. 1995లో చేసినవి 7. నువ్వు రాసిన ‘రెండు కప్పుల్లో 15 ట్రైలు’ అనే లెక్క పక్కన ఈ సంగతి లేకపోతే అది ఉత్త అంకె.

2003 నాటికి డయాలసిస్, వారానికి మూడుసార్లు. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. మా అన్నయ్యను నాలుగేళ్లు డయాలసిస్‌కి తిప్పాను నేను. మంచం దిగాక ఆటో దాకా నడవడానికి నా భుజం పట్టుకునేవాడు. అందుకే, 2004 జులైలో కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషి 2005 డిసెంబర్‌లో వేల్స్‌లోని కార్డిఫ్ జట్టు తరఫున మైదానంలో దిగాడంటే, నాకు ఆ నాలుగు ట్రైలకన్నా అదే పెద్దగా కనిపిస్తుంది. ఆ కిడ్నీ కూడా 2011లో పనిచేయడం మానేసింది. 2015 నవంబర్ 18న, నలభై ఏళ్లకే పోయాడు.

కిడ్నీ ఇచ్చింది గ్రాంట్ కెరెయామా అనే రేడియో వ్యాఖ్యాత. నీ వ్యాసంలో మైక్ క్యాట్ పేరు నాలుగుసార్లు వచ్చింది, ఇతని పేరు ఒక్కసారీ లేదు. ఈసారి ఇతనితో మొదలుపెట్టి చూడు. ఆదివారం లోపు పంపితే ఆ రాత్రే చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య