మొలవనిది విత్తనమా, కాగిన మట్టా?

ప్రశ్న: మే నెలలో మా డాబాపై నల్లని ప్లాస్టిక్ కుండీలలో వేసిన టమాటా గింజలు, ధనియాలు మొలవలేదు. విత్తనాలు నాసిరకమా? నేల వేడి చూసి విత్తాలంటారు, ఎలా చూడాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: విత్తనాలను అనుమానించే ముందు మట్టిని చూడాలి. టమాటా గింజ 20 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వేడి గల మట్టిలో చక్కగా మొలుస్తుంది. 35 దాటితే మొలక బాగా తగ్గుతుంది. రోహిణీ కార్తెలో మీ ఊరి గాలే 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి కనుక, కింద కాంక్రీటు, చుట్టూ నల్లని ప్లాస్టిక్ కలిసి కాచే కుండీ మట్టి అంతకన్నా ఎక్కువగా కాగడంలో వింత లేదు. మట్టిలో గుచ్చే థర్మామీటరును విత్తనం పడే లోతు వరకు దించి, మధ్యాహ్నం మూడు గంటలకు చూడండి. చలి దేశాల పుస్తకాలు ఉదయం చూడమంటాయి. అక్కడి బెడద చలి, మనది ఎండ.

వేడిని ఓర్చుకునే బెండ, గోరుచిక్కుడు వేసవిలోనూ వేయవచ్చు. టమాటా నారును తొలకరి తరువాత నీడలో పోసుకోండి. కొత్తిమీర, క్యాబేజీ, క్యారెట్‌లకు అక్టోబరు, నవంబరు నెలలే అనువైనవి. ధనియాలను చల్లే ముందు రెండు బద్దలుగా నలపడం మరవకండి.